పోల్ పెట్టారు సరే, అందరూ ఓటేయగలిగారా?

పాఠం మధ్యలో తెర మీద ఒక ప్రశ్న పెట్టి, పిల్లల చేత ఫోన్లోనో ట్యాబ్‌లోనో జవాబు నొక్కించి, ఎంతమంది ఏది ఎంచుకున్నారో అప్పటికప్పుడు గ్రాఫ్‌లో చూపించే పద్ధతి మన కాలేజీల్లోకీ స్కూళ్ళలోకీ వచ్చేసింది. పోల్ అనండి, లైవ్ క్విజ్ అనండి. చెయ్యెత్తడానికి సిగ్గుపడే పిల్లల మనసులో మాట కూడా టీచర్‌కి తెలియాలన్నది దాని అసలు ఉద్దేశం. అదే పోల్ వల్ల కొందరు పిల్లలు క్లాసులో ఉండి కూడా లేనట్టు అయిపోతున్నారని విజయవాడ, గుంటూరుల నుంచి ఈసారి వరసగా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ సంచికలో పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను. క్లాసులో తరచూ కహూత్ అనే క్విజ్ యాప్ పెడతాను, పిల్లలకి భలే హుషారు. ఈ ఏడాది ఫస్టియర్‌లో బొత్తిగా చూపు లేని అబ్బాయి చేరాడు. ఫోన్ బ్రహ్మాండంగా వాడతాడు, వాట్సాప్, డబ్బులు పంపడం అన్నీ తనే చేసుకుంటాడు. కానీ నా క్విజ్ మొదలవగానే ఫోన్ జేబులో పెట్టేసి కూర్చుంటాడు. పక్కవాడిని చదివి చెప్పమన్నాను, "వద్దు సార్, పర్లేదు" అన్నాడు. వేరే ఏ యాప్ వాడితే బాగుంటుంది?
- లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, యాప్ సంగతి తర్వాత. ముందు ఆ అబ్బాయి ఫోన్ జేబులో ఎందుకు పెట్టేస్తున్నాడో చూద్దాం.

అతనిది ఆండ్రాయిడ్ ఫోనైతే అందులో టాక్‌బ్యాక్ ఉంటుంది, ఐఫోనైతే వాయిస్‌ఓవర్. తెర మీద ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా పైకి చదివి వినిపిస్తుంది. వేలు కుడివైపుకి జరిపితే తర్వాత ఉన్నది చదువుతుంది, కావలసింది వినపడగానే రెండుసార్లు తడితే అది నొక్కినట్టు. ఇప్పుడు మీ క్విజ్ చూడండి. మామూలుగా ప్రశ్న, నాలుగు జవాబులు గోడ మీద తెర పైనే ఉంటాయి, పిల్లల ఫోన్లో వచ్చేవి ఎర్ర త్రిభుజం, నీలం డైమండ్, పసుపు వృత్తం, ఆకుపచ్చ చతురస్రం, అంతే. అతని ఫోన్ చదివి వినిపించడానికి అందులో ప్రశ్నే లేదు. ఆకారం పేరు చదివినా దాని ఎదురుగా ఏ జవాబుందో అతనికి ఎలా తెలుస్తుంది? దానికి తోడు 20 సెకన్ల గడియారం, వెనకాల మ్యూజిక్, ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. మనం కంటితో ఒక్కసారి చూసేసే నాలుగు జవాబుల్ని అతను ఒకటి తర్వాత ఒకటి వినాలి, విన్నవి గుర్తుపెట్టుకోవాలి, ఆలోచించాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నొక్కాలి, ఇదంతా క్లాసంతా గోలగోలగా ఉన్నప్పుడు. ఫోన్ జేబులో పెట్టుకోవడం తప్ప ఆ పిల్లాడికి ఇంకో దారి లేదు.

మీరు కహూతే కొనసాగించాలంటే దాంట్లో ప్రశ్ననీ జవాబుల్నీ పిల్లల ఫోన్లలో కూడా చూపించే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చెయ్యండి. ఒక్కో ప్రశ్నకి టైమ్ 4 నిమిషాల దాకా పెంచుకోవచ్చు, పెంచండి. పాయింట్లు లేకుండా కూడా పెట్టుకోవచ్చు. మ్యూజిక్ ఆపేయండి, అతన్ని ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వండి, రెండో చెవి మీ మాట వినడానికి ఉంటుంది. నన్నడిగితే మాత్రం రోజువారీ పాఠానికి గూగుల్ ఫారమ్స్ చాలు. ఆటలా ఉండదు, నిజమే. కానీ ప్రశ్న, జవాబులు రెండూ ఫోన్లోనే ఉంటాయి, గడియారం ఉండదు, టాక్‌బ్యాక్ దాన్ని చక్కగా చదువుతుంది, ఫలితాల గ్రాఫ్ మీకు అందులోనే వస్తుంది. ఒక్క జాగ్రత్త, అడ్డం నిలువు గడులతో పట్టికలా ఉండే ప్రశ్నలు మాత్రం వద్దు, వాటిని వింటూ అర్థం చేసుకోవడం చాలా కష్టం. కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టే పోల్ అయితే విండోస్ మీద ఎన్‌విడిఎ అనే ప్రోగ్రామ్ ఇదే పని చేస్తుంది, అది 2006లో మొదలైంది, ఉచితం, ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌లోనైనా వేయించి ఉంచండి.

ఏ యాప్ ఎంచుకున్నా ముందు రోజు ఇంట్లో ఒక పని చెయ్యండి. మీ ఫోన్లోనే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, మీరు తయారు చేసిన క్విజ్‌కి మీరే జవాబులు ఇవ్వండి. ఆన్ చేసే ముందు దాన్ని ఎలా ఆపాలో నేర్చుకోండి, ఎందుకంటే అది ఆన్ అయ్యాక ఫోన్ మామూలుగా పనిచెయ్యదు, ఒకసారి తాకితే చదువుతుందంతే, రెండుసార్లు తడితేనే నొక్కుతుంది, పైకీ కిందకీ జరపాలంటే రెండు వేళ్ళు కావాలి. సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ పెట్టుకుంటే వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కాసేపు నొక్కి పట్టుకోవడంతో ఆన్, ఆఫ్ రెండూ అవుతాయి. పది నిమిషాలు కూర్చుంటే మీ క్విజ్‌లో ఎక్కడ అడ్డం పడుతోందో మీకే తెలిసిపోతుంది.

ఇక తెలుగులో ప్రశ్నలు పెట్టేవాళ్ళందరికీ ఒక మాట, ఇది కాస్త వివరంగా చెప్పాలి. మన స్టడీ మెటీరియల్ చాలావరకు అను ఫాంట్స్‌లో డీటీపీ చేసినది. అక్కడి నుంచి కాపీ చేసి ఫారంలో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అందుకని చాలామంది ఆ పేజీని ఫొటో తీసి ప్రశ్న బదులు ఆ ఫొటో పెట్టేస్తారు. కళ్ళున్న పిల్లలకి ఏ తేడా తెలియదు. టాక్‌బ్యాక్‌కి మాత్రం అది బొమ్మ, అందులో చదవడానికి అక్షరాలు లేవు. కాబట్టి ప్రశ్నని యూనికోడ్ తెలుగులో, అంటే వాట్సాప్‌లో మనం టైప్ చేసే మామూలు తెలుగు అక్షరాల్లో, టైప్ చెయ్యాల్సిందే. టైపింగ్ రాకపోతే ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి చెప్తే తెలుగులోనే పడుతుంది, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. ఇంకోటి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు వాట్సాప్ వల్ల మనందరికీ అబ్బింది, దాన్ని ప్రశ్నల్లోకి తీసుకురాకండి, ఫోన్ వాటిని ఇంగ్లీషు మాటల్లా చదివేసరికి ఏ భాషో అర్థం కాదు. అతని ఫోన్లో తెలుగు గొంతు డౌన్‌లోడ్ అయి ఉందో లేదో కూడా ఒకసారి అడగండి.

మీది ఎకనామిక్స్ కాబట్టి గ్రాఫులు తప్పవు. బొమ్మ పెట్టండి, దాని కిందే ప్రశ్నలోనే మాటల్లో రాయండి: అడ్డ అక్షం మీద పరిమాణం, నిలువు అక్షం మీద ధర, డిమాండ్ రేఖ కుడివైపుకి జరిగింది, సప్లయ్ రేఖ కదల్లేదు. ఇలా రాయడం వల్ల చూపున్న పిల్లలకి కూడా బొమ్మలో దేన్ని చూడాలో తెలుస్తుంది. గణితం గుర్తులైతే ఎక్స్ స్క్వేర్ అని అక్షరాల్లో రాసెయ్యండి, చిన్నగా పైన వేసిన 2 ని ఒక్కోసారి మామూలు రెండులా చదివేస్తుంది.

పోల్ అయిపోయాక గ్రాఫ్ చూపించి "చూశారుగా" అనకండి. "ఎ కి ఎనిమిది మంది, బి కి ఇరవై మంది, సి కి ఇద్దరు" అని పైకి చదవండి. మాటల గుంపులా కనపడే వర్డ్ క్లౌడ్ పెట్టినప్పుడు కూడా అంతే, పెద్ద అక్షరాల్లో ఏ మాటలు వచ్చాయో చదివి వినిపించండి. క్లాసు మొత్తం ఏమనుకుంటోందో తెలియడమే కదా పోల్‌లో సగం లాభం, ఆ సగం అతనికి ఎందుకు పోవాలి?

పక్కవాడు చదివి చెప్తానంటే ఎందుకు వద్దన్నాడని మీరు బాధపడుతున్నట్టున్నారు. ఆలోచించండి, మిగతావాళ్ళందరి జవాబూ రహస్యం, తప్పు చేసినా ఎవరికీ తెలియదు. ఇతని జవాబు ఒక్కటే పక్కవాడికి తెలిసిపోతుంది. అది అతనికి ఇష్టం లేకపోవడంలో వింతేముంది? క్లాసు అయ్యాక, నలుగురి ముందు కాకుండా, "నీకు ఎలా పెడితే వీలుగా ఉంటుంది" అని అతన్నే అడగండి. చిన్నప్పటి నుంచి ఇలాంటివాటితో నెగ్గుకొచ్చినవాడు, మీకూ నాకూ తట్టనివి చెప్తాడు.

వేగం గురించి కూడా ఒక మాట. పాఠం మధ్యలో ఓటింగ్ పెట్టే ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళలో హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజుర్ ఒకరు, 1991లో మొదలుపెట్టారు. ఆయన పద్ధతిలో పిల్లలు ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించి ఓటేస్తారు, తర్వాత పక్కవాళ్ళతో వాదించుకుంటారు, ఆ తర్వాత అదే ప్రశ్నకి మళ్ళీ ఓటేస్తారు. ఎవరు ముందు నొక్కారన్న లెక్కే అందులో లేదు. మీరు కూడా అలా చేసి చూడండి. మధ్యలో ఆ వాదన నడిచే రెండు మూడు నిమిషాలు మీ అబ్బాయికి కావలసినంత టైమ్, ఎవరూ అతని కోసం ఆగినట్టు కూడా ఉండదు.

ప్రశ్న: నమస్తే అండీ. మా బాబు విజయవాడలో తొమ్మిదో తరగతి. వాడికి డిస్లెక్సియా ఉంది, అంటే అక్షరాలు చదవడం కష్టం. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. స్కూల్లో శుక్రవారం శుక్రవారం పెద్ద ప్యానెల్ మీద క్విజ్ పెట్టి ర్యాంకులు చూపిస్తారట, ప్రతిసారీ వీడి పేరు కింద ఉంటుంది. ఇప్పుడు గురువారం రాత్రి నుంచే కడుపునొప్పి అంటున్నాడు. స్కూల్లో అడిగితే "అందరికీ ఒకటే రూల్ అండీ, వాడొక్కడి కోసం మార్చలేం" అన్నారు. నేను ఇంకేం అడగొచ్చు?
- ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ బాబు పేరు కింద ఉంటున్నది పాఠం రాక కాదు. చదవడానికి వాడికి పట్టే టైమ్‌ని ఆ క్విజ్ తప్పు కింద లెక్కేస్తోంది. ఈ మాట మీరు వాడికి ఇవాళే చెప్పండి, స్కూలు సంగతి రేపు చూసుకోవచ్చు.

"అందరికీ ఒకటే రూల్" అన్నది చట్టం ఒప్పుకునే మాట కాదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, అంతకుముందు 1995 చట్టంలో 7 మాత్రమే ఉండేవి. కొత్తగా చేరినవాటిలో మీ బాబుకి ఉన్నలాంటి అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ స్కూలైనా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూలైనా, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చెయ్యాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెప్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకి రాత పరీక్షల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పెద్ద పరీక్షలకే అదనపు టైమ్ ఉన్నప్పుడు శుక్రవారం క్విజ్‌కి ఎందుకు ఉండకూడదని మీరు గట్టిగా అడగొచ్చు. సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే యూడీఐడీ కార్డుకి, అంటే దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యండి, రేపు పదో తరగతిలో దాని అవసరం చాలా ఉంటుంది.

కానీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చట్టాన్ని ముందు పెట్టకండి, సంచిలో ఉంచుకోండి. ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. "మా వాడికి వేరే క్విజ్ పెట్టండి" అని అడక్కండి, వేరుగా చూస్తున్నారని పిల్లవాడు ఇంకా ముడుచుకుపోతాడు. అందరికీ పనికొచ్చే మార్పులే అడగండి: ర్యాంకుల తెర చూపించడం మానెయ్యమనండి, కనీసం అసలు పేర్ల బదులు మారుపేర్లు వాడమనండి, వేగానికి పాయింట్లు తీసెయ్యమనండి, ప్రశ్ననీ జవాబుల్నీ టీచర్ ఒకసారి పైకి చదివాకే టైమ్ మొదలుపెట్టమనండి. క్లాసులో నెమ్మదిగా చదివే పిల్లలు మీ బాబు ఒక్కడే అయ్యుండడు, మిగతావాళ్ళకి పేరు పెట్టలేదంతే. పిల్లలు ట్యాబ్ మీద చేస్తుంటే మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌లో ఇమ్మర్సివ్ రీడర్ అనే సౌకర్యం ఉంది, అక్షరాల మధ్య ఎడం పెంచుతుంది, చదివి వినిపిస్తుంది, దాని గురించి కూడా చెప్పి చూడండి.

ఆ కడుపునొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. క్విజ్ మారేలోపు ఒకటి రెండు శుక్రవారాలు వాడు ఆ పీరియడ్‌లో టీచర్‌కి సాయంగా ప్రశ్నలు తెర మీద పెట్టే పనిలో ఉంటానంటే అడిగి చూడండి, వాడికి ఇష్టమైతేనే.

ప్రశ్న: గుంటూరు దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మా పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఎనిమిదో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప ఉంది, వీల్‌చెయిర్‌లో వస్తుంది, చేతులు వణుకుతాయి, మాట నెమ్మదిగా వస్తుంది. ఇంకో బాబుకి చూపు బాగా తక్కువ. ఇలాంటి క్లాసులో పోల్ పెట్టడం కుదురుతుందా?
- టీచర్, గుంటూరు

జవాబు: టీచర్ గారూ, భేషుగ్గా కుదురుతుంది. ఫోన్లు లేకపోవడం మీకు ఒకరకంగా మంచిదే.

ప్లికర్స్ అని ఒకటుంది. పిల్లలకి ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇస్తారు, దాని మీద క్యూఆర్ కోడ్‌లాంటి నల్లటి ఆకారం, నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి అని సన్నగా అక్షరాలు. తనకి తోచిన జవాబు పై అంచుకి వచ్చేలా పట్టుకుంటే మీరు మీ ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి తిప్పి చూస్తారు, ఎవరేం చెప్పారో మీ ఫోన్లో పడిపోతుంది. ఫోను, నెట్టు మీకొక్కరికి ఉంటే చాలు. కార్డులు వాళ్ళ సైట్ నుంచి ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. లామినేషన్ మెరిసేది వేయించకండి, కిటికీ వెలుగు పడితే కెమెరా గుర్తించదు.

ఆ సన్నటి అక్షరాలు మీ బాబుకి కనపడవు. వాడి కార్డు వెనకవైపు, అదే అంచున, స్కెచ్ పెన్నుతో ఎ, బి, సి, డి లావుగా రాయండి. ఆకారం మీకు కనపడుతుంటే వెనకవైపు అక్షరాలు వాడికి కనపడుతుంటాయి. బొత్తిగా చూపు లేని పిల్లలు ఎప్పుడైనా చేరితే నల్ల ఆకారం మీద పడకుండా అంచుల్లో స్టేప్లర్ పిన్నులు కొట్టండి, ఎ దగ్గర ఒకటి, బి దగ్గర రెండు, అలా. వేలితో తడిమి తిప్పుకుంటారు. బాబుని ముందు వరసలో, కిటికీ ఎదురుగా కాకుండా కూర్చోబెట్టండి, చూపు తక్కువ ఉన్నవాళ్ళకి ఎదురు వెలుగు చాలా ఇబ్బంది. ఇంతవరకు చూపించకపోతే విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, చూపు తక్కువ ఉన్న పిల్లలకి అక్కడ ప్రత్యేకంగా సాయం చేస్తారు.

ఇక పాప. ఆమె చేత్తో కార్డు పట్టుకోవాలని పంతం పట్టక్కర్లేదు. కార్డుని పరీక్ష అట్టకి క్లిప్పు పెట్టి వీల్‌చెయిర్ ముందు నిలబెట్టి, ఆమె తిప్పగలిగితే తిప్పనివ్వండి. అదీ కష్టమైతే కంటిచూపుతో చెప్పించొచ్చు. ఒక పెద్ద అట్ట తీసుకుని నాలుగు మూలల్లో ఎ, బి, సి, డి అని పెద్దగా రాసి ఆమె ముందు పట్టుకుంటే తన జవాబున్న మూల వైపు చూస్తుంది, మీరు గమనించి "బి నా అమ్మా" అని నెమ్మదిగా అడిగి, అవునంటే వేసుకోండి. మాట రాని పిల్లలతో పనిచేసేవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతి ఇది. ఆ అడిగేది మీరే అడగండి, పక్క పిల్లలకి అప్పజెప్పకండి, పిల్లలు ఆమె చూపు పూర్తిగా చూడకుండానే తమకి తెలిసిన జవాబు ఆమె జవాబని చెప్పేస్తారు. ప్రశ్నలు ముందు రోజే ఆమెకి తెలిస్తే ఇంకా మంచిది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది కదా, అక్కడి రిసోర్స్ టీచర్‌ని ఒకసారి మీ క్లాసుకి పిలవండి, పాపకి ఏ కదలిక తేలికో వాళ్ళు చూసి చెప్పగలరు.

నెట్ లేని రోజు వేళ్ళతో. ఎ అయితే ఒక వేలు, డి అయితే నాలుగు, చెయ్యి పైకెత్తకుండా గుండెకి ఆనించి చూపించమనండి, వెనకవాళ్ళకి కనపడదు, మీకు మాత్రం కనపడుతుంది. పాపకి ఆ రోజు కూడా అట్టే.

ప్రశ్న: ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఉంటారంటారు కదా. పోల్‌లో రంగులు వాడకూడదా?
- ట్యూషన్ మాస్టారు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: వాడండి, రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. "ఆకుపచ్చది నొక్కండి" అనకుండా "సి, ఆకుపచ్చది" అనండి. ఒప్పు జవాబుకి ఆకుపచ్చ, తప్పుకి ఎరుపు అని ఊరుకోకుండా పక్కన టిక్కు, ఇంటూ గుర్తులు ఉండాలి. ఈ తేడా తెలియకపోవడం ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ, చాలామందికి తమకి ఉందని పెద్దయ్యేదాకా తెలియదు కూడా.

రంగు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వెలిసిపోయినట్టుండే అక్షరాలు. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని డబ్ల్యు3సి అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1 సరిపోతుంది. తెలుపు మీద పసుపు రాస్తే ఆ తేడా ఒకటిన్నర కూడా రాదు. పైగా మన లిపిలో వత్తులు కింద ఉంటాయి, ఇంగ్లీషుకి సరిపోయిన సైజులో తెలుగు పెడితే క్త, క్ష, స్త్ర లాంటివి వెనక బెంచీ నుంచి నల్ల మచ్చల్లా కనపడతాయి. సైజు పెంచండి, వరసల మధ్య ఖాళీ పెంచండి, ఒక తెర మీద ఒక్క ప్రశ్నే పెట్టండి.

ప్రశ్న: అక్కా, నేను విజయవాడలో బీటెక్ సెకండియర్. నాకు వినపడదు, పెదాలు చూసి కొంత అర్థం చేసుకుంటాను. మా సార్ స్లైడ్ మీద పోల్ పెట్టి, ప్రశ్న వివరంగా నోటితో చెప్తారు, ఒక్కోసారి "ఆప్షన్ సి లో చిన్న తప్పుంది, ఇలా చదువుకోండి" అని కూడా నోటితోనే చెప్తారట. నేను ఫోన్ చూస్తుంటే ఆయన మొహం చూడలేను. ఇప్పుడు ఆ పోల్స్‌కి ఇంటర్నల్ మార్కులు కూడా కలుపుతున్నారు. సార్ మంచివారే, ఎలా చెప్పాలో తెలియట్లేదు.
- బీటెక్ విద్యార్థి, విజయవాడ

జవాబు: తమ్ముడూ, సార్ మంచివారంటున్నావు కాబట్టి పని సగం అయిపోయినట్టే. చాలామంది టీచర్లకి ఇది తెలియక జరుగుతుంది, ఒకేసారి ఫోను, మనిషి మొహం రెండూ చూడలేవన్న సంగతి వాళ్ళకి తట్టదు. ఎదురుగా చెప్పడానికి టెన్షన్ అయితే ఈ రాత్రే వాట్సాప్‌లో పంపు. ఇలా రాయి:

"సార్, మీ పోల్స్ వల్ల నాకు పాఠం బాగా గుర్తుంటోంది. నాకు వినపడదు కాబట్టి పోల్ నడుస్తున్నప్పుడు నోటితో చెప్పేవి నాకు అందట్లేదు. ప్రశ్న గురించి చెప్పాల్సింది పోల్ తెరిచే ముందే, మా వైపు తిరిగి చెప్పగలరా సార్? తర్వాత మేం ఫోన్లు చూసుకుంటాం. ఆప్షన్‌లో ఏదైనా మార్పు ఉంటే బోర్డు మీద రాయండి సార్. ఒకసారి వచ్చి కలవమంటారా?"

ఇంతే చాలు. సారీలు, క్షమించండిలు పెట్టకు, నువ్వేం తప్పు చెయ్యలేదు. దీంతోపాటు గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ వేసుకో, మాట్లాడుతుంటే అక్షరాల్లో చూపిస్తుంది, తెలుగు కూడా తీసుకుంటుంది. అయితే మన లెక్చరర్లు ఒకే వాక్యంలో తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు కదా, అక్కడ తడబడుతుంది, అందుకని మార్కులున్న ప్రశ్నకి దాన్ని పూర్తిగా నమ్ముకోకు. ఇంకో ఇబ్బంది, పోల్ చేసే ఫోన్లోనే అది కూడా నడవాలి. ఫ్రెండ్ దగ్గర ఖాళీగా ఉన్న ట్యాబ్ ఏదైనా దొరికితే మొదటి బెంచీ మీద పెట్టుకో.

మార్కుల సంగతి వేరు, అక్కడ మొహమాటపడకు. సార్‌తో మాట్లాడాక కూడా మారకపోతే కాలేజీలో ఇలాంటి ఫిర్యాదులు చూసే ఈక్వల్ ఆపర్చ్యునిటీ సెల్ ఉందేమో కనుక్కుని అక్కడ రాతపూర్వకంగా ఇవ్వు. ఉన్నత విద్యాసంస్థలు వైకల్యం ఉన్న విద్యార్థులకి అందుబాటులో ఉండేలా ఏం చెయ్యాలో యూజీసీ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఆ కేసు బ్యాంకుల్లో, ఫోన్ కంపెనీల్లో చేసే కేవైసీ గురించి, క్లాసు గురించి కాదు, అయినా నీ వాదనకి అది బలమే. అక్కడా పని జరగకపోతే రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. అంతదాకా రాదనే నా నమ్మకం. సార్ ఏమన్నారో నాకు తప్పకుండా రాయి.

ప్రశ్న: మా క్లాసులో కొందరికి ఫోన్ ఉండదు, కొందరికి డేటా అయిపోతుంది. వైకల్యం లేదు కానీ వాళ్ళూ పోల్‌లో ఉండరు. వాళ్ళనేం చెయ్యాలి?
- లెక్చరర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వాళ్ళని కూడా ఇదే లెక్కలో చూడాలి సార్. డేటా లేదని చెప్పుకోవడం ఆ వయసులో పిల్లలకి ఎంత నామోషీగా ఉంటుందో మీకు తెలియనిది కాదు. అందుకని "ఫోన్ లేనివాళ్ళు చెయ్యెత్తండి" అని ఎప్పుడూ అడక్కండి. ప్రతి పోల్‌కి ముందు బల్ల మీద కొన్ని కాగితం ముక్కలు పెట్టి "కావాలంటే కాగితం మీద రాయండి, కావాలంటే ఫోన్లో నొక్కండి" అని అందరికీ కలిపి చెప్పండి. ఫోన్ ఉన్నవాళ్ళు కూడా కొందరు కాగితమే తీసుకుంటారు, అప్పుడు ఎవరు ఎందుకు తీసుకున్నారో ఎవరికీ తెలియదు. ఇద్దరికి ఒక ఫోన్ చొప్పున మాట్లాడుకుని ఒకే జవాబు పెట్టమన్నా బాగుంటుంది, పాఠానికి అది ఇంకా మంచిది. ఫొటోలు, వీడియోలు లేకుండా మాటల్లోనే ప్రశ్న పెడితే డేటా కూడా తక్కువ ఖర్చవుతుంది. కాలేజీ వైఫై పాస్‌వర్డ్ పిల్లలకి ఇవ్వడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటుందేమో అడిగి చూడండి.

హాజరుకి గానీ మార్కులకి గానీ ఫోన్ పోల్‌ని ముడిపెట్టకండి. తప్పదంటే ఆ ఫారంని అక్కడికక్కడ మూసెయ్యకుండా రాత్రి పది దాకా తెరిచి ఉంచండి, ఇంటికెళ్ళి నాన్న ఫోన్లోంచి పెట్టే పిల్లలు కూడా ఉంటారు.